గట్టి ఒళ్ళయితే నొప్పి ఉండదా?

టెన్నిస్ ఆడే ఆడవాళ్ళలో అంత బలమైన మనిషి ఇంకొకరు లేరని లోకమంతా చెప్పుకున్న సెరీనా విలియమ్స్, కాన్పయిన మర్నాడు ఊపిరాడడం లేదని చెబితే ఆస్పత్రిలో నర్సు నమ్మలేదు. 2017 సెప్టెంబరు 1న ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. మర్నాడు ఆయాసం మొదలైంది. ఆ ఆయాసం సెరీనాకి కొత్త కాదు. 2011లో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి, చావు తప్పి బయటపడ్డ మనిషి. గదిలో ఉన్న తల్లి కంగారుపడుతుందని బయటికొచ్చి, కనబడ్డ నర్సుతో సి.టి. స్కాన్ తియ్యాలనీ, వెంటనే హెపారిన్ ఎక్కించాలనీ రొప్పుతూనే చెప్పింది. రోగి తనకి కావలసిన పరీక్ష పేరూ మందు పేరూ కూడా చెప్పిందన్నమాట! నొప్పి మందుల మత్తులో ఏదో అంటోందనుకుంది నర్సు. పట్టుబడితే డాక్టరు వచ్చి కాళ్ళకి అల్ట్రాసౌండ్ తీశారు. అందులో ఏమీ కనబడలేదు. చివరికి స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న గడ్డలు. ఆపైన దగ్గుకి కుట్లు విడిపోవడం, కడుపులో రక్తం పేరుకోవడం, మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కడం... ఇంటికొచ్చాక ఆరు వారాలు మంచం దిగలేదట.

2018 మొదట్లో వోగ్ పత్రికకి ఈ సంగతులన్నీ ఆవిడే చెప్పింది. చదివినప్పట్నుంచీ నన్నొక ఆలోచన వదలడం లేదు. డబ్బుంది, పేరుంది, పక్కన భర్త ఉన్నాడు, ఎదురుగా మంచి ఆస్పత్రి ఉంది. అటువంటి మనిషి తన ఒంటి సంగతి తానే చెబితే వినడానికి ఇంత సేపు పట్టిందేం? ఆ నర్సుకి జాతిద్వేషం ఉందని నేననడం లేదు. ఆమె మనసులో ఏముందో నాకేం తెలుసు! కానీ అమెరికాలో కాన్పు మూలంగా పోయే ప్రాణాలు తెల్లజాతి స్త్రీలలో కంటే నల్లజాతి స్త్రీలలో దాదాపు మూడు రెట్లని ఆ దేశపు ప్రభుత్వ సంస్థే లెక్కలు వేసి చెబుతోంది. పేదరికం వల్ల అనుకుందామా అంటే, కాలేజీ చదువులు చదివిన వాళ్ళలోనూ ఆ తేడా పోవడం లేదు.

2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు వైద్య విద్య చదువుతున్న తెల్ల విద్యార్థులనీ, జూనియర్ డాక్టర్లనీ కొన్ని ప్రశ్నలు అడిగారు. నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుందా, వాళ్ళ నరాలకి నొప్పి తక్కువ తెలుస్తుందా, ఇలాంటివి. సుమారు సగం మంది వాటిల్లో ఏదో ఒకదానికైనా అవునన్నారు. చదువుకున్న వాళ్ళే! మనకి మాత్రం ఇది వింత కాదులెండి. 'కాయకష్టం చేసేవాళ్ళు, వాళ్ళకి కాన్పెంత సేపు, పొలం గట్టున కని లేచి వచ్చేస్తారు' అనే మాట మన ఇళ్ళలో వినని వాళ్ళెవరు? ఆ మాట అన్నవాళ్ళు మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. ఆ మెచ్చుకోలు వెనకనే ఆవిడకి ఆస్పత్రి అక్కర్లేదు, విశ్రాంతి అక్కర్లేదు అన్న తీర్పు కూడా ఉంటుంది.

సెరీనా, వీనస్ అక్కచెల్లెళ్ళ గురించి ఇరవై అయిదేళ్ళ పైగా లోకం మాట్లాడిన మాటలన్నీ ఇలాంటి మెచ్చుకోళ్ళే. 'ఏం బలం!', 'ఏం కండలు!' అనేవారు. ఆటలో బుర్ర ఉందని అన్నవాళ్ళు తక్కువ. సెరీనా సర్వీసునే తీసుకోండి. ఆడవాళ్ళ టెన్నిస్‌లో దాన్ని మించింది లేదంటారు. కొట్టే వేగమొక్కటే దానికి కారణం కాదు. బంతిని పైకెగరెయ్యడం ప్రతిసారీ ఒకే తీరు, ఒకే చోటు. అందుకే బంతి ఎటు రాబోతోందో ఎదుటి మనిషికి చివరి క్షణం దాకా అంతు చిక్కదు. అది ఒళ్ళిచ్చిన బలమా? చిన్నప్పట్నుంచీ లాస్ ఏంజెలెస్ పక్కన కాంప్టన్ అనే ఊళ్ళో, పగుళ్ళిచ్చిన పబ్లిక్ కోర్టుల్లో, రోజుకి వందల సార్లు ఎగరేస్తే వచ్చిన నేర్పు. తెల్ల క్రీడాకారులు గెలిస్తే కష్టపడ్డారనీ, ఎత్తులు వేశారనీ అంటారు. నల్లవాళ్ళు గెలిస్తే పుట్టుకతో వచ్చిందంటారు. పుట్టుకతో వచ్చినదానికి శభాష్ ఎందుకు మరి?

ఇక అదే బలాన్ని చూసి, అసలు ఆడవాళ్ళేనా అన్న వాళ్ళూ ఉన్నారు. మామూలు జనం సంగతి వదిలెయ్యండి. 2014 అక్టోబరులో రష్యా టెన్నిస్ సమాఖ్య అధ్యక్షుడు షామిల్ తర్పిషెవ్ టీవీలో కూర్చుని ఈ ఇద్దర్నీ 'విలియమ్స్ అన్నదమ్ములు' అన్నాడు. మహిళా టెన్నిస్ సంఘం 25 వేల డాలర్ల జరిమానా, ఏడాది నిషేధం వేసింది. ఆయనకి అది ఓ హాస్యం. మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం వచ్చింది. కండలు పెరిగితే ఆడతనం పోతుందని భయపడి కొందరు క్రీడాకారిణులు కసరత్తు తగ్గించుకుంటున్నారట. ఒకావిడ కోచ్ అయితే, మా అమ్మాయి ముందు ఆడది కదా, అందుకే చిన్నగా ఉంచుతున్నాం అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. మగరాయుడు అన్న మాట మనకీ ఉంది కదా! సైకిలు తొక్కినా, గట్టిగా నవ్వినా తగిలించే మాట. ఆ మాటకి ఒంటి రంగు కూడా తోడైతే ఎంత బరువవుతుందో ఆ అక్కచెల్లెళ్ళకే తెలియాలి.

2001 మార్చిలో కాలిఫోర్నియాలోని ఇండియన్ వెల్స్ అనే చోట జరిగింది చెప్పకుండా ఈ కథ ముందుకి పోదు. ఎడారి మధ్యలో డబ్బున్న వాళ్ళ ఊరు అది. సెమీఫైనల్‌లో అక్కా చెల్లెలూ తలపడాలి. ఆటకి నాలుగు నిమిషాల ముందు వీనస్ మోకాలి నొప్పని తప్పుకుంది. అంతకు ముందే ఒక పుకారు నడుస్తోంది. వీళ్ళిద్దరిలో ఎవరు గెలవాలో తండ్రి రిచర్డ్ ముందే నిర్ణయిస్తాడని. నొప్పి సంగతి పొద్దున్నే అక్కడి వాళ్ళకి చెప్పామని సెరీనా తర్వాత రాసుకుంది. ఏమైతేనేం, టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన వాళ్ళకి ఆ రోజు కోపం రావడం సహజం. నేనైనా గొణుక్కుంటాను. కానీ ఫైనల్ జరిగింది రెండు రోజుల తర్వాత. ఆడింది సెరీనా. ఆ అమ్మాయి ఎక్కడా తప్పుకోలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల కోర్టులోకి రాగానే వేలమంది ఎగతాళిగా అరిచారు. తన సర్వీసు తప్పితే చప్పట్లు కొట్టారు. తండ్రీ అక్కా మెట్లు దిగి వచ్చి కూర్చుంటుంటే అరుపులు ఇంకా పెరిగాయి. ఎదురుగా ఆడుతున్న కిమ్ క్లైస్టర్స్ బెల్జియం పిల్ల. సొంత దేశపు పిల్లని కాదని పరాయి దేశపు పిల్లని నెత్తిన పెట్టుకున్నారు అమెరికా జనం. మొదటి సెట్టు పోగొట్టుకుని కూడా 4-6, 6-4, 6-2తో సెరీనా గెలిచింది. ప్రేక్షకుల్లో కొందరు తనని జాతి పేరుతో తిట్టారని తండ్రి తర్వాత పత్రికల వాళ్ళకి చెప్పాడు. గెలిచిన పిల్ల లాకర్ రూములో గంటల తరబడి ఏడ్చింది.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆ ఊరి గడప తొక్కలేదు. 2009 నుంచీ దాన్ని పెద్ద క్రీడాకారిణులు తప్పనిసరిగా ఆడాల్సిన టోర్నీల్లో చేర్చినా రాలేదు. మొండిది, పొగరుబోతు అన్నారు. 2015లో తిరిగొచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చిత్రం చూడండి, ఆ ఏడాది సెమీఫైనల్‌కి ముందు మోకాలు నొప్పితో తప్పుకోవాల్సి వచ్చింది ఈసారి సెరీనాకే. అదే ఊరు, అదే మెట్టు, అదే మోకాలు. 2001 నాటి గోల మాత్రం జరగలేదు. అప్పటికి ఆవిడ 19 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచి ఉంది మరి. నొప్పుందని చెబితే నమ్మాలంటే ఎన్ని కప్పులు చూపించాలో!

జుట్టు సంగతి మరో కథ. చిన్నప్పుడు ఆ పిల్లలిద్దరూ సన్నటి జడలు అల్లుకుని, చివర తెల్లటి పూసలు గుచ్చుకుని ఆడేవారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్లల అలంకారం అది, మనకి జడగంటలూ పూలజడా ఉన్నట్టు. 1999 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో లిండ్సే డావెన్‌పోర్ట్‌తో ఆడుతుంటే వీనస్ జడలోంచి పూసలు రాలాయి. ఎదుటి మనిషికి ఆటంకమని అంపైర్ ఒక పాయింటు కోసేశాడు. రూలు ఉంది, నిజమే. కానీ అప్పటిదాకా ఎవరి జడ మీదా పడని కన్ను ఆ జడ మీద ఎందుకు పడిందో. దాదాపు ఇరవయ్యేళ్ళ తర్వాత బట్టల వంతు వచ్చింది. 2018 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఒళ్ళంతా కప్పే నల్లటి సూటు వేసుకుంది సెరీనా. కాన్పు తర్వాత రక్తం గడ్డలు కట్టకుండా అది సాయం చేస్తుందని చెప్పింది కూడా. ఫ్రెంచ్ సమాఖ్య అధ్యక్షుడు ఇకముందు అలాంటివి ఒప్పుకోం, ఆటనీ చోటునీ గౌరవించాలి అన్నాడు. పొట్టి గౌనేసుకుంటే ఒక గోల, నిండా కప్పుకుంటే ఇంకో గోల!

వీళ్ళకంటే ముందు ఆల్థియా గిబ్సన్ ఉంది. ఈ తరానికి ఆ పేరు తెలియదు గానీ, 1950లో అమెరికా జాతీయ పోటీల్లోకి అడుగుపెట్టిన మొదటి నల్లజాతి క్రీడాకారిణి. 1956లో ఫ్రెంచ్, 1957, 58ల్లో వింబుల్డన్, అవే ఏళ్ళలో అమెరికా టైటిళ్ళు. ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా కప్పు అందుకుంది. న్యూయార్క్ వీధుల్లో ఊరేగించారు. మన దేశానికీ వచ్చిందండోయ్! 1955-56లో అమెరికా ప్రభుత్వం ఆసియా దేశాల్లో పర్యటనకి పంపిన బృందంలో ఆవిడ ఒకరు. మా దేశంలో నల్లవాళ్ళు బాగానే ఉన్నారని చూపించుకోవడానికి ఆవిడ పనికొచ్చింది. అప్పట్లో టెన్నిస్‌లో బహుమతి డబ్బు లేదు. పాటలు పాడి రికార్డు ఇచ్చింది, సినిమాలో వేసింది, గోల్ఫ్ ఆడింది. ఏదీ నిలవలేదు. 1990ల్లో జబ్బుపడి మందులకీ అద్దెకీ డబ్బు లేని స్థితికి వస్తే, ఒకప్పుడు డబుల్స్‌లో తోడుగా ఆడిన ఏంజెలా బక్స్‌టన్ పూనుకుని చందాలు వచ్చేలా చేసింది. బక్స్‌టన్ ఇంగ్లండు యూదురాలు. ఆవిడకీ క్లబ్బుల్లో తలుపులు మూసుకున్న అనుభవాలున్నాయి. ఆల్థియా 2003లో కన్నుమూసింది. యూఎస్ ఓపెన్ ఆవరణలో విగ్రహం పెట్టింది 2019లో.

డబ్బు మాట వచ్చింది కాబట్టి సెరీనా కాలానికి వద్దాం. సెరీనా, మరియా షరపోవా మొత్తం 22 సార్లు ఆడారు. 20 సార్లు సెరీనాదే గెలుపు. 2004 తర్వాత షరపోవా ఒక్కసారీ గెలవలేదు. కానీ 2005 నుంచి 2015 దాకా వరసగా 11 ఏళ్ళు ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సంపాదించిన క్రీడాకారిణి ఎవరంటే ఫోర్బ్స్ పత్రిక చెప్పిన పేరు షరపోవా. 2015లో ఆవిడకి 2 కోట్ల 97 లక్షల డాలర్లు, సెరీనాకి 2 కోట్ల 46 లక్షలు. తేడా అంతా ప్రకటనల దగ్గరే. షరపోవా తక్కువదేం కాదు, అయిదు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. కానీ వాచీలూ కార్లూ అమ్మేవాళ్ళకి కావలసింది గెలుపొక్కటే అయితే లెక్క తిరగబడేది. పొడుగ్గా, సన్నగా, తెల్లగా, బంగారు రంగు జుట్టుతో ఉండాలి. సెరీనా పేరు పైకి వచ్చింది 2016లో. ఆ ఏడాది మార్చిలోనే షరపోవా నిషేధించిన మందు వాడినట్టు తేలింది. తర్వాత షరపోవా తన ఆత్మకథలో సెరీనా దగ్గరగా చూస్తే ఎంత భారీ మనిషో, ఆవిడ పక్కన తనెంత చిన్నగా అనిపిస్తుందో రాసుకొచ్చింది. షరపోవా ఎత్తు 188 సెంటీమీటర్లు. సెరీనా 175! తలెత్తి చూడాల్సింది ఎవరో మీరే చెప్పండి.

వింబుల్డన్‌లో ఆడవాళ్ళకీ మగవాళ్ళతో సమానంగా డబ్బివ్వాలని గట్టిగా అడిగి, 2006లో లండన్ టైమ్స్‌లో వ్యాసం రాసి, 2007లో సాధించుకున్న వాళ్ళలో ముందున్నది వీనసే. ఆ సమాన జీతం షరపోవాకీ వచ్చింది, అందరికీ వచ్చింది.

సెరీనాకి నోటిదురుసు లేదా అంటే ఉంది. 2009 యూఎస్ ఓపెన్‌లో లైన్ దగ్గర నిలబడ్డ ఉద్యోగిని మీదికి వెళ్ళి బంతి గొంతులో కుక్కుతానన్నంత పని చేసింది. అది నాకు నచ్చలేదు. జీతానికి నిలబడ్డ సాటి ఆడదాన్ని అలా బెదిరించడం ఏ రంగు మనిషికైనా తప్పే. 2018 ఫైనల్‌లో అంపైర్ కార్లోస్ రామోస్‌ని దొంగ అంది. గ్యాలరీలోంచి సైగలు చేశానని ఆవిడ కోచే ఒప్పుకున్నాడు కాబట్టి అంపైర్ రూలు తప్పలేదు. అయితే జాన్ మెకన్రో అంపైర్ల మీద అరిచిన అరుపులు ఏమయ్యాయి? 1990లో ఆస్ట్రేలియన్ ఓపెన్ నుంచి గెంటేశారు కూడా. తర్వాత ఆ అరుపులే ఆయన ముద్దుపేరయ్యాయి. ప్రకటనల్లో వాడుకున్నారు, వ్యాఖ్యాతగా కూర్చోబెట్టారు. సెరీనా అరిస్తే మెల్‌బోర్న్ హెరాల్డ్ సన్ పత్రికలో ఒక కార్టూన్ వచ్చింది. బండ పెదాలు, ఏనుగంత ఒళ్ళు, రాకెట్ మీద గెంతుతోంది. వందేళ్ళ క్రితం అమెరికాలో నల్లవాళ్ళని వెక్కిరిస్తూ వేసిన బొమ్మల పోలికే. అక్కడి ప్రెస్ కౌన్సిల్ తప్పులేదంది. ఇంకో సంగతి గమనించారా? ఆ రోజు గెలిచిన నవోమి ఒసాకా తండ్రి హైతీ దేశస్థుడు, ఆవిడా నల్లపిల్లే. కార్టూన్‌లో వెనకాల ఆవిడ్ని సన్నగా, తెల్లమ్మాయిలా గీశారు. 2019లో ఒక జపాన్ నూడుల్స్ కంపెనీ ప్రకటనలో కూడా ఒసాకాని తెల్లగా చేసి, గొడవయ్యాక క్షమాపణ చెప్పింది. కోపమొస్తే నల్లది, గెలిస్తే తెల్లది!

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోవడానికి లేదు. వెస్టిండీస్‌కి రెండుసార్లు టి-20 ప్రపంచకప్పు తెచ్చిన డారెన్ సామీ మన హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్‌కి ఆడాడు. తననీ, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానీ ఇక్కడ అందరూ 'కాలూ' అని పిలిచేవారట. బలమైన గుర్రమని అర్థమనుకుని తనూ నవ్వాడు. అసలర్థం 2020లో తెలిసింది. చాలా బాధపడ్డాడు. తర్వాత జట్టువాడొకడు మాట్లాడి ప్రేమతోనే అన్నామన్నాడు. ప్రేమే అయ్యుంటుంది. మన ఇళ్ళల్లో నల్లపిల్లని నల్లపిల్లా అని ప్రేమతోనే పిలుస్తాం, పెళ్ళిచూపుల నాడు అదే ప్రేమతో పౌడరు రాస్తాం.

సానియా మీర్జాది రంగు గొడవ కాదు, మతం గొడవ. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండులో సెరీనాతో ఆడి ఓడింది, ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది. మన దేశపు ఆడపిల్లల్లో అది మొదటిది. ఆ ఏడాదే పొట్టి స్కర్టు మీద మతపెద్దల అభ్యంతరం. 2014లో తెలంగాణ ప్రభుత్వం ప్రచారకర్తగా పెట్టుకుంటే, ఒక శాసనసభ్యుడు 'పాకిస్తాన్ కోడలు' అన్నాడు. పెరిగిన ఊళ్ళోనే పరాయిదైపోయింది. విదేశీ పిల్లని చేసుకున్న మన మగ క్రికెటర్లున్నారు. వాళ్ళనెవరైనా ఫలానా దేశపు అల్లుడన్నారా? ఆ మరుసటి ఏడాది సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది.

మళ్ళీ వీనస్ దగ్గరికి వస్తాను, ఈ మధ్య సంగతి కాబట్టి. ఏళ్ళ తరబడి ఆవిడకి నెలసరిలో విపరీతమైన రక్తస్రావం, నొప్పి, వాంతులు. గర్భసంచిలో గడ్డలు. నల్లజాతి స్త్రీలలో ఈ జబ్బు మరీ ఎక్కువ. 2016 వింబుల్డన్‌లో డబుల్స్ ఫైనల్‌కి ముందు లాకర్ రూములో నేలమీద పడుకుని మెలికలు తిరిగింది, లేచి వెళ్ళి చెల్లెలితో కలిసి కప్పు గెలిచింది. టీవీలో చూసినవాళ్ళు, ఏం బలం అనే అనుకుని ఉంటారు. డాక్టర్లకి చెబితే ఇదంతా మామూలే అన్నట్టు తీసిపారేశారట. సరైన డాక్టరు దొరికి ఆపరేషన్ జరిగింది 2024లో. ఆ సంగతి 2025 జులైలో బయటికి చెప్పింది. అదే నెలలో, పదహారు నెలల తర్వాత మొదటిసారిగా వాషింగ్టన్‌లో సింగిల్స్ ఆడి, తనలో సగం వయసున్న పేటన్ స్టెర్న్స్‌ని 6-3, 6-4తో ఓడించింది. అప్పటికి వీనస్‌కి 45 ఏళ్ళు. ఎందుకు తిరిగొచ్చారని అడిగితే, ఆరోగ్య బీమా కోసమండీ, డాక్టర్ల చుట్టూ తిరగడం ఎక్కువైంది అంది. స్టేడియం అంతా పగలబడి నవ్వింది.